బల్ల కింద దారి

మా మావయ్య గారి రైలు గదిలోకి నడిచి వెళ్ళడానికి లేదు, పాకాలి. నాలుగు గోడల చుట్టూ నడుం ఎత్తున చెక్కబల్లలు, వాటి మీద పట్టాలు, స్టేషన్లు, కొండలు. నడుమ ఒక మనిషి నిలబడి తిరగగలిగేంత ఖాళీ. గది తలుపు తీయగానే బల్ల అడ్డం తగులుతుంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని, మోకాళ్ళ మీద వంగి, ఆ బల్ల కిందనుంచి దూరి అవతల లేస్తే అప్పుడు రైలు నడపొచ్చు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి నేను వెలగబెట్టిన ఉద్యోగం అదే. నాలుగేళ్ళ పైచిలుకు చేశాను.

మాది బొబ్బిలి. పెళ్ళికి ముందు అక్కడే ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. అత్తవారిల్లు కొత్తవలసలో, రైలు పట్టాలకు కూతవేటు దూరంలో. మావయ్య రైల్వేలో సిగ్నల్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఆ గడప తొక్కడానికి ఏడాది ముందే అత్తయ్య పోయారు. మా ఆయన అసిస్టెంట్ లోకో పైలట్. కిరండూల్ వైపు ఇనుపరాయి బండి ఎక్కారంటే మళ్ళీ ఇల్లు చేరేది ఎప్పుడో ఆయనకే తెలీదు. చేరాక ఒళ్ళు తెలీకుండా పడుకుంటారు. రైలు గది వైపు కన్నెత్తి కూడా చూడరు. డ్యూటీలోనూ రైలే, ఇంట్లోనూ రైలేనా అని ఆయన బాధ. అందుచేత పగలంతా ఇంట్లో మిగిలేది నేనూ మావయ్యా ఇద్దరమే.

ఎప్పుడో మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొర ఒకాయన దేశం వదిలి వెళ్తూ మావయ్యకు ఒక బుల్లి ఇంజనూ రెండు పెట్టెలూ ఇచ్చారట. అక్కణ్ణుంచి మొదలైన పిచ్చి గది మొత్తాన్ని మింగేసింది. మా కొత్తవలస జంక్షనే అది. ఒక పక్క మెయిన్ లైను, ఇంకో పక్క అరకు కొండల మీదికి ఎక్కే లైను, దారిలో సొరంగాలు. సరుగుడు కాయలకు ఆకుపచ్చ రంగేస్తే చెట్లు. అగ్గిపెట్టెలు క్వార్టర్లు. పెళ్ళి శుభలేఖల అట్టలు కోసి పాసింజరు పెట్టెలు చేశారు. గూడ్సు వ్యాగన్లలో ఇనుపరాయి బదులు ఇటుకపొడి. మొదటిసారి చూసినప్పుడు నేను నోరు వెళ్ళబెట్టాను, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

అయితే చూడ్డం వేరు, చాకిరీ వేరు. పట్టాల మధ్య పోసిన ఇసక కళింగపట్నం సముద్రపు ఒడ్డుది. అత్తయ్య పుట్టిల్లు అది. ఆవిడతో ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా మావయ్య ఒక సంచీడు ఇసక తెచ్చి, జల్లించి, జిగురు పెట్టి అతికించారట. ఎంత కడిగినా సముద్రపు ఇసకకు ఉప్పు పోతుందా? మబ్బు పట్టిందంటే చాలు, ఇసక చెమ్మ లాగుతుంది, పట్టాలు నల్లబడతాయి, కరెంటు అందక ఇంజను నడిమధ్యలో మొరాయిస్తుంది. ఏటి ఇసక వేసుకుంటే ఈ బాధ ఉండదు కదా మావయ్యా అని ఒకసారి నోరు జారాను. ఆయన నాలుగు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు నేను. రోజూ పొద్దున్నే గుడ్డపీలిక మీద స్పిరిట్ చుక్కలు వేసుకుని గది చుట్టూ పట్టాలు తుడుచుకుంటూ వచ్చేదాన్ని. చక్రాలకు పట్టిన జిడ్డు గీకాలి. మైదా జిగురు కోసం వచ్చే చీమల్ని తోలాలి. సొరంగంలో బల్లి గుడ్లు పెట్టి ఉంటే తీయాలి. అంట్లు తోమితే ఒక పూటన్నా కంచాలు మెరుస్తాయి. ఈ పట్టాలు అంతసేపు కూడా ఉండవు.

మావయ్య తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన మోకాళ్ళు వంగవు, బల్ల కింద దూరలేరు. పొద్దుటి పాసింజరు, పదింటి గూడ్సు, భోజనాలయ్యాక ఎక్స్‌ప్రెస్సు, సాయంత్రం మళ్ళీ పాసింజరు. అసలు స్టేషన్లో బళ్ళు లేటవుతాయి గాని మా ఇంట్లో కావడానికి వీల్లేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే మంట తగ్గించి వచ్చి పాకేదాన్ని. చుట్టాలొచ్చినా అంతే. బొబ్బిలి వెళ్ళి మా అమ్మ దగ్గర రెండు పూటలు కూర్చున్నానో లేదో ఫోను వచ్చేది, పట్టాలు నల్లబడిపోతన్నాయమ్మా, బేగి వచ్చీ అని. గట్టిగా ఒక మాట అనరు, కసురుకోరు. అలా కసురుకునే మనిషైనా బాగుండేది, నేనూ రెండు మాటలు అనేసి బయటపడేదాన్ని. అంత మెత్తగా అడిగేవాళ్ళకి కాదని చెప్పడం నాకు చేతకాలేదు. బండి స్పీడు తిప్పే కంట్రోలర్ వైరు పొడుగు చేసి కుర్చీ దగ్గరికి తెస్తాను, మీరే నడుపుకోండి అన్నాను. డ్రైవరు బండికి దూరంగా కూసోడమ్మా అన్నారు.

దీంట్లో నా సుఖం కూడా కొంత ఉంది. మధ్యాహ్నం కిటికీ మూసి, రెండు ఇంజన్లు తగిలించి, ఇటుకపొడి వ్యాగన్లను కొండ మీదికి ఎక్కిస్తుంటే, దీపం సొరంగంలో పోయి అవతల తేలుతుంటే, నాకు లోకం తెలిసేది కాదు. మెలిక దగ్గర ఎంత స్పీడు తగ్గించాలో నా వేలికి తెలిసిపోయింది. భేషమ్మా అని మావయ్య కుర్చీలోంచి అంటే ఒళ్ళు పొంగిపోయేది కూడా. ఆ తరవాత గుర్తొచ్చేది, రైలు ఎన్ని ఊళ్ళు తిరిగినా నేను మాత్రం అదే నాలుగు బారల నేల మీద గానుగెద్దులా తిరుగుతున్నానని. పిల్లలు లేని కోడలికి అంతకన్నా పనేముంటుందని చర్చిలో ఆడవాళ్ళ లెక్క. మావయ్యను ఎంత బాగా చూసుకుంటున్నావమ్మా అని ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకుని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోళ్ళు వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

రైలు చూడ్డానికి ఊరంతా వచ్చేది సెమీ క్రిస్మస్‌కి. డిసెంబరులో ఒక సాయంత్రం సంఘం వాళ్ళు మా ఇంట్లో కూడుకుని పాటలు పాడి, కేకు కోసి, రైలు గది తలుపు దగ్గర గుమిగూడేవారు. అందరి కళ్ళూ తలుపు ఎదుట బల్ల మీదున్న బెత్లెహేము కొండ మీదే. ఆ కొండ నా చేతిది. పెళ్ళయి నెల తిరక్కముందే మావయ్య అడిగారు, ఈసారి పశువుల పాక ఇక్కడ పెడదామమ్మా, ఒక కొండ కట్టు అని. కోడిగూడు వల వంచి, పాత పేపర్లు కప్పి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, రంపపుపొట్టుకు రంగేసి చల్లాను. పట్టాలు కొండలోంచి సొరంగంగా పోయేట్టు చేశాం. పైన పాక, మరియమ్మ, యోసేపు, తొట్టిలో బాలయేసు. పాస్టరు గారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఇంక దాన్ని తీసేదెవరు? పండగ వెళ్ళినా, ఏళ్ళు తిరిగినా, పెద్ద తుఫానుకి సగం ఊరి రేకులు లేచిపోయినా ఆ కొండ కదల్లేదు. మా బెత్లెహేముకి ఏమీ కాలేదు చూశారా అని పాస్టరమ్మ గారు నలుగురికీ సాక్ష్యం చెప్పారు.

రాష్ట్రం రెండైన మరుసటి వేసవిలో నాకు కబురొచ్చింది. బొబ్బిలిలో నాతో పాటు పాఠాలు చెప్పినావిడ ఇప్పుడు విజయనగరంలో ఒక స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్. సోషల్ టీచరు మానేసింది, నువ్వొస్తానంటే ఇంకొకళ్ళని తీసుకోను, ఈ ఆదివారంలోగా చెప్పు అంది. పొద్దుటి పాసింజరుకెళ్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. నాకు ఉద్యోగం కావాలి. డబ్బు కోసం కాదు, నడిచి ఒక గదిలోకి వెళ్ళి, నిటారుగా నిలబడి, నోరు తెరిచి మాట్లాడ్డం కావాలి. ఈసారి కాదంటే మళ్ళీ అడిగేవాళ్ళుండరని తెలుసు.

మా ఆయనకి ఫోన్లో చెబితే, నీ ఇష్టం, నాన్నను ఒప్పించు అన్నారు. ఆయన ఇష్టం ఎప్పుడూ అక్కడికొచ్చి ఆగిపోతుంది. మావయ్యను అడిగాను. తల వంచుకుని విని, మరి బండెవరు నడుపుతారమ్మా అన్నారు. అందుకు నా దగ్గర ఆలోచన సిద్ధంగానే ఉంది. తలుపు ఎదుటి బల్లను రెండు చోట్ల కోయించి పైకి లేచేట్టు చేయిద్దాం, మీరే నడిచి లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని నడుపుకోవచ్చు, నేనొచ్చి పట్టాలు తుడుస్తాను అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. దాని మీద బెత్లెహేము ఉన్నాది కదమ్మా, ప్రార్థన సేసిన కొండ, రంపం పెడతావేటి అన్నారు. దేవుణ్ణి అడ్డం పెట్టాక ఇంక ఎవరితో వాదించను? నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ఎత్తెత్తి పడేశాను. శనివారం దాకా ఆ ఇంట్లో రైలు కూత తప్ప ఇంకో మాట లేదు.

శనివారం మధ్యాహ్నం మావయ్య కునుకు తీస్తున్నారు. కొండను తాకకుండా కింద నుంచి ఎక్కడ కోస్తే సరిపోతుందో నేనే చూద్దామనుకున్నాను. టేపు, ఫోను టార్చి పట్టుకుని ఆ బల్ల కింద వెల్లకిలా పడుకున్నాను. అన్నేళ్ళూ దాని కింద పాకాను గాని ఒక్కసారీ తలెత్తి చూడలేదు. పాకే మనిషి నేల చూస్తుంది. టార్చి వేసేసరికి ముందు ఒక కీలు కనబడింది. పక్కనే ఇంకొకటి. అవతలి కొసన లావుపాటి బోల్టులు రెండు, వాటికి చేత్తో తిప్పే నట్లు. బల్లకు రెండు వైపులా తిన్నగా కోసిన గీత. కోయించడానికి ఏమీ లేదు. అది ఎప్పణ్ణుంచో గేటే. దాని మీద నేను కొండ కట్టాను.

అంతకుముందు ఆయన లోపలికి ఎలా వెళ్ళేవారు, అంత రైలు ఎలా కట్టారు అని అడగాలన్న ఇంగితం నాకు లేకపోయింది. కొండ సొరంగంలో బండి టక్ టక్ మన్నప్పుడల్లా పట్టాల అతుకనుకున్నాను. అలాగే నేల మీద పడుకుని ఏడ్చాను. ఏడుపు కన్నా కోపం ఎక్కువుంది. పరాయివాళ్ళెవరో కాదు, నన్ను లోపల పెట్టి మూసిన గోడ నేనే నవ్వుకుంటూ, రంగులేసుకుంటూ కట్టుకున్నాను.

మావయ్య లేచి వచ్చేసరికి నేను బల్ల కిందే ఉన్నాను. బయటికి కనబడేవి నా కాళ్ళే అయ్యుంటాయి. ఆయన కుర్చీలో కూర్చున్న చప్పుడైంది. నేనే అడిగాను.

"ఇక్కడ గేటుందని మీకు తెలుసు కదా మావయ్యా?"

"నేను సేసిందే కదమ్మా. తెల్దా."

తరవాత ఆయన చెప్పింది నేను పడుకునే విన్నాను. లేచి మొహం చూస్తూ వింటే ఏమనేదాన్నో. అత్తయ్య ఉన్న రోజుల్లో ఈయన లోపలికెళ్తే ఆవిడే గేటు దించి బోల్టులు బిగించేదట. గేటు బిగిస్తే గాని చుట్టూ బండి తిరగదు. వంట మధ్యలో పిలిస్తే వచ్చి విప్పేదట. ఆవిడ పోయాక బోల్టు బిగించే మనిషి లేక ఏడాది పాటు బండి కదల్లేదు. నేనొచ్చాను. క్రిస్మస్ అవగానే కొండ తీసేద్దామనే అనుకున్నారట.

"నువ్వు లోపలుండి నవ్వుకుంట బండి నడుపుతుంటే, ఇంట్లో మనిసి ఉన్నట్టుండేది. గేటుంటే నన్ను లోపలెట్టి నువ్వు బోల్టేసి నీ పని మీద నువ్వు ఎలిపోతావు. తరవాత సెప్పడానికి నోరు రాలేదమ్మా."

జాలి పడాలో చీదరించుకోవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి, రెండూ ఒకేసారి. పైకి లేచి, సుత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ప్రార్థన చేసిన కొండ కదా, మీరే తీయండి అన్నాను. మరియమ్మనూ యోసేపునూ బాలయేసునూ నేను పళ్ళెంలోకి ఎత్తి పెట్టాను. మావయ్య కుర్చీలోంచి లేవకుండానే కొట్టారు. మొదటి దెబ్బలు మరీ మెత్తగా పడ్డాయి, పెచ్చు కూడా ఊడలేదు. తరవాత ఏమైందో, పళ్ళు బిగించి కొట్టారు. తెల్లటి దుమ్ము ఆయన కనుబొమల మీద పడింది. తుప్పు పట్టిన బోల్టులకు కొబ్బరినూనె పోసి నేను విప్పాను. గేటు లేచింది. ఆయన కర్ర తాటించుకుంటూ లోపలికి నడిచి వెళ్ళి, నడుమ నిలబడి, నాలుగు వైపులా చూసుకున్నారు. నేను వస్తున్నానని హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోను చేశాను.

బడి తెరిచిన రోజు పొద్దున్న పట్టాలు తుడిచి, క్యారేజీ కట్టి, చీర మార్చుకుని వచ్చేసరికి మావయ్య అప్పటికే లోపల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన నీళ్ళ సీసా, టిఫిను గిన్నె. గేటు దించి బోల్టులు పెట్టమన్నారు. మరి బయటికెలా వస్తారు, మీరు వంగి విప్పలేరు కదా అన్నాను.

"సాయంత్రం నువ్వొచ్చి తీస్తావు కదా," అన్నారు.

ఆయన మామూలుగానే అన్నారు. నాకు మాత్రం మెడ చుట్టూ తాడు పడ్డట్టయింది. గేటు తెరిచే ఉంచుతాను, ఆ అంచుదాకా నడిపి వెనక్కి తిప్పుకోండి అని చెప్పి, చెప్పులేసుకుని బయటపడ్డాను.

ఆ రోజు ఎనిమిదో తరగతికి గొంతు బొంగురుపోయేదాకా పాఠం చెప్పాను. సాయంత్రం విజయనగరం స్టేషన్లో మా బండి వచ్చి ఆగింది. ఎక్కాల్సిన దాన్ని ఎక్కలేదు. కావాలనే ఎక్కలేదు. ఒక పొట్లం పునుగులు కొనుక్కుని బెంచీ మీద కూర్చుని, ఎవరికీ సమాధానం చెప్పకుండా, ఒక్కొక్కటీ నిదానంగా తిన్నాను. తరవాతి బండి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. పెళ్ళయ్యాక నాకు అంత హాయి ఎప్పుడూ లేదు.

ఇంటికొచ్చి తలుపు తీసేసరికి గేటు దించి ఉంది. మావయ్య లోపల బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను వెళ్ళిన కాసేపటికి ఇంటి ముందు నుంచి వెళ్తున్న పాస్టరమ్మ గారిని కిటికీలోంచి పిలిచి బోల్టులు పెట్టించుకున్నారట. కోడలు వచ్చి తీస్తుందని ఆవిడతో చెప్పారట. బళ్ళు ఆగి ఉన్నాయి. ఆయన లుంగీ ముందు భాగం తడిసి ఉంది, కాళ్ళ కింద నేల తడిగా ఉంది. నా మొహం చూడలేదు.

"నీ బండి ఎల్లిపోయిన సప్పుడు ఇన్నాను. దాంట్లో నువ్వు రాలేదు."

నేను మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు విప్పాను. ఆయన భుజం పట్టుకుని బాత్‌రూము దాకా నడిపించాను, ఉతికిన లుంగీ అందించాను, నేల తుడిచాను. క్షమించమని నేను అడగలేదు. ఆయనా అడగలేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడు రేపు కూడా బడి ఉంది మావయ్యా అన్నాను. తెలుసమ్మా అన్నారు.

మర్నాడు పొద్దున్న ఆయన యథాప్రకారం లోపల కుర్చీలో కూర్చున్నారు. నేను గేటు పైకెత్తి గోడకు ఆనించాను. బోల్టులు రెండూ నట్లతో సహా ఊడదీసి, పేపర్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగులో చాక్‌పీసుల డబ్బా పక్కన పెట్టుకుని బడికెళ్ళిపోయాను. అప్పటినుంచీ రోజూ తీసుకెళ్తున్నాను.